ఊదాకు పాఠం

“మీటింగ్ వద్దు మేడం. చెట్లు నరకాలి, అంతేగా? వారంలో నరికేస్తాం. ఆ పటాలు చుట్టేసుకుని వచ్చిన పడవలోనే వెళ్లిపోండి,” అన్నాడు పడవ నడిపే సరంగు, బడి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

మొక్కల మేడంకి ఒళ్లు మండింది. దీవిలో ఊరూరూ తిరిగి ఊదాకు చెట్టు గురించి చెప్పడమే ఆమె ఉద్యోగం. ఎవరో అందానికని పైదేశం నుంచి తెచ్చిన చెట్టు, ఇప్పుడు కొండల్ని మింగుతోంది. వచ్చే నెల కాయలు పండితే పిట్టలు ఆ గింజల్ని దీవంతా చల్లేస్తాయి. ఇంతకుముందు మూడు ఊళ్లు ఇలాగే “నరికేస్తాం” అన్నాయి. ఒక్కచోటా కత్తి లేవలేదు.

“ఎందుకు నరకాలో తెలీకపోతే మళ్లీ మీరే నాటుతారు. తప్పుకోండి.”

“వంటచెరుక్కని చెప్పి నరికేస్తాం లెండి.”

“అబద్ధమెందుకు? ఎవరికి భయం?”

సరంగు గొంతు తగ్గించాడు. “ఒక్క నిమిషం ఇటు పక్కకి రండి. మాట చెప్పాలి.”

“చెప్పేదేదో అందరి ముందే చెప్పండి,” అని ఆమె అతన్ని తోసుకుని లోపలికి పోయింది.

చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకు కూర్చున్నారు జనం. గోడకు తగిలించిన పటం వైపు ఒక్కరూ చూడటం లేదు. ముందు బెంచీలో ఒక ముసలామె మాత్రం కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉంది.

“పెద్దమ్మా, నీకెందుకీ గోల? పొయ్యి మీద పాలు మరిచొచ్చావు, పద పోదాం,” అంది కొట్టు నడిపే ఆవిడ.

“పాలు పొద్దున్నే తాగేశానే. నీ కొట్లో పప్పులాగా నా మతి ఇంకా తూకం తగ్గలేదు.”

ఎవరూ నవ్వలేదు.

“నేర్చుకోవడానికి వయసేంటి? ఈ ఊళ్లో బుర్ర ఉన్నది ఈవిడొక్కరికే!” అని మేడం పాఠం మొదలుపెట్టింది. జనం మొద్దులని ముందే తేల్చుకున్నవాళ్లకి పాఠం చెప్పడం మహా తేలిక.

“ఆకు గొడుగంత. అడుగున ఊదారంగు. చూస్తే ముద్దొస్తుంది. కానీ వేరు జానెడు దిగదు. దాని నీడన గడ్డిపరక బతకదు. కింద పట్టులేని మట్టి, పైన ఇంత బరువు. పెద్దవాన పడితే ఏమవుతుంది?”

“జారుతుంది,” అంది పెద్దమ్మ.

“శభాష్!” మేడం సంచిలోంచి పెద్ద ఫొటో తీసి పైకెత్తింది. “ఇదిగో, మీ కొండే. రెండేళ్ల కిందట జారి ఒక ఇంటిని కప్పెట్టింది. ముగ్గురు పోయారు.”

“వాన వల్లే అన్నారే వీళ్లంతా?”

“వాన ఏటా పడుతుంది పెద్దమ్మా. ఊదాకు ఉన్న వాలే జారింది. పక్క వాలు నిక్షేపంగా ఉంది. మావాళ్లు తవ్వి చూసి మరీ రాశారు.”

“ఇక చాలు మేడం!” వెనకనుంచి అరిచాడు సరంగు.

“నిజం చెప్తే ఉలుకెందుకు? కూర్చోండి!”

పెద్దమ్మ బడిపిల్లలా చెయ్యెత్తింది. “అయితే ఆ చెట్లు లేకపోతే ఆ ముగ్గురూ ఇవాళ ఉండేవాళ్లా?”

“నూటికి నూరుపాళ్లూ ఉండేవాళ్లు.”

“నాటినవాళ్లకి తెలీదేమోనమ్మా.”

“తెలీదంటే కొండ ఊరుకుంటుందా?”

పెద్దమ్మ నెమ్మదిగా తలూపింది. కళ్లజోడు తీసి బెంచీ మీద పెట్టింది. ఊరికి పంచడానికి మేడం తెచ్చిన కత్తుల్లోంచి ఒకటి తీసుకుని, గుమ్మం దిగి, కొండదారి పట్టింది. ఎవరూ ఆపలేదు. కొట్టావిడ మొహం చేతుల్లో దాచుకుంది.

“చూశారా! అరగంట పాఠానికి ముసలామె కదిలింది. మీకేమొచ్చింది, ఇంతమంది ఉండి?” మేడం గొంతులో గర్వం దాగలేదు.

సరంగు నేల చూపులు చూస్తూ అన్నాడు: “రెండేళ్లుగా ఊరంతా నోరు కుట్టుకుని దాచాం మేడం... ఆ వాలంతా ఊదాకు నాటింది పెద్దమ్మే, కింద కొడుకూ కోడలూ మనవరాలూ ఉండే ఇంటికి నీడగా ఉంటుందని.”