ఫ్రౌకెకి పోయని టీ

తలుపు తీసిన వీబ్కె గడపకి అడ్డంగా నిలబడింది.

బయట ముసలామె వానలో తడిసి ముద్దయింది.

"మీ అమ్మని ఒక్కసారి చూసి వెళ్ళిపోతానమ్మా."

"మా నాన్నని లాక్కున్నది చాలలేదా? ఇప్పుడు అమ్మ మంచం దగ్గరికి తయారయ్యారా?"

ముసలామె పేరు ఫ్రౌకె. వీబ్కె తండ్రి బతికున్న రోజుల్లో గురువారం సాయంత్రాలు ఆమె ఇంట్లోనే ఉండేవాడని ఊరంతా చెవులు కొరుక్కునేది. ఫ్రౌకె ఏనాడూ కాదనలేదు. ఇక ఊరికి అంతకన్నా ఏం కావాలి?

"కాదని చెప్పడానికి నోరు రాదేం?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే. ఒక్కసారి చూడనీ..."

"వెళ్ళండి."

ఉత్తర సముద్రం ఒడ్డున ఆ ఊళ్ళో పగవాడొచ్చినా ముందు టీ పోస్తారు, తిట్టేది తర్వాతే. వీబ్కె తలుపేసేసింది.

గదిలో తల్లి తొమ్మాకి ఆ గొంతు వినపడింది. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి, లేవబోయి పక్కకి ఒరిగిపోయింది.

"కంగారుపడకమ్మా. తరిమేశాను. మళ్ళీ రాదు."

టీ పోసి పట్టించింది. మొదటి కప్పు సగంలోనే తల్లి వణికే చేత్తో చెంచా తీసి కప్పులో పడేసింది. ఇక చాలని అర్థం. మూడు కప్పులు తాగకుండా చెంచా వేస్తే అక్కడ పోసినవాళ్ళ మొహాన కొట్టినట్టే. వీబ్కె మనసు చివుక్కుమంది. జబ్బు మనిషి, తెలియక చేసిందిలే అని సరిపెట్టుకుంది.

తొమ్మా మళ్ళీ ఏమీ ముట్టలేదు. ఆదివారం చనిపోయింది.

ఖననం అయ్యాక అందరూ టీకి కూర్చున్నారు. తండ్రి స్నేహితుడు, చేపల పడవ నడిపే హబ్బో పక్కన వీబ్కె కూర్చుంది.

"చూశావా మామయ్యా? అమ్మని నాన్న సమాధి పక్కన పెడుతుంటే ఆ ఫ్రౌకె శ్మశానం గేటు దాకా వచ్చింది. ఎంత ధైర్యం."

"గురువారాలు మీ నాన్న నా పడవలో కూర్చుని వలలు అల్లేవాడు తల్లీ."

"మరి ఆవిడ గుమ్మం ముందు నాన్న సైకిల్ ఊరంతా చూసిందిగా?"

"సైకిల్‌ని చూసింది. దాని మీద నాన్న వానకోటుని చూసింది. కోటులో మొహాన్ని ఎవరు చూశారు?"

వీబ్కె చేతిలో కప్పు కింద పెట్టేసింది.

"మీ నాన్నకి అంతా తెలుసు. నింద తన మీద వేసుకున్నాడు. ఫ్రౌకె కూడా నోరు మూసుకుని మోసింది."

"ఎవరి కోసం మామయ్యా?"

హబ్బో గొంతు తగ్గించాడు.

"ఆ కోటు తొడుక్కుని వెళ్ళింది మీ అమ్మ. ఫ్రౌకె జీవితంలో ప్రేమించింది ఆ ఒక్క మనిషినే."