దూరమాండీ?

తాళం తిప్పగానే సీటు కింద నుంచి జుయ్‌మని రావాల్సిన చప్పుడు రాలేదు. అంజిబాబు మళ్లీ తిప్పాడు. బండి మూగనోము పట్టింది.

"ఇప్పుడా తల్లీ! ఇప్పుడా!" అని ట్యాంకు మీద అరచేత్తో బాదాడు.

అమలాపురం ఆసుపత్రిలో ఎవరో సత్యవేణి అట. పురుడొచ్చింది గానీ రక్తం ఆగడం లేదు. ఆమెకి సరిపోయే రక్తం చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క అంజిబాబు ఒంట్లోనే ఉంది. నర్సమ్మ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. అన్నం ముందు నుంచి లేచి ముక్తేశ్వరంలో బయల్దేరిన మనిషి, మిట్టమధ్యాహ్నం, కాలవగట్టు మీద ఇలా నిలబడిపోయాడు.

పాత బండ్లే నయం. పెట్రోలు లేకపోయినా తిట్లకి నడిచేవి. మా ఊళ్లో ఒకాయన బండి, చెవిలో అత్తగారి పేరు చెబితే చాలు, గోదారి కూడా ఈదేసేది. ఈ కొత్తవాటికి తిట్లు ఎక్కవు. ట్యాంకులో ఓ పంపు, ఆ పంపుకి కరెంటు, ఆ కరెంటుకి ఓ బుల్లి సర్క్యూటు. అది అలిగిందంటే ట్యాంకు నిండా పెట్రోలున్నా ఇంజనుకి చుక్క దక్కదు.

అంజిబాబు ఫ్యూజు లాగి చూశాడు. బాగానే ఉంది. ఫోన్లో రిపేరు వీడియో పెట్టాడు. "ముందుగా మన ఛానెల్‌ని..." అని ఆ వీడియోవాడు చేతులూపుతుండగానే ఫోన్ ఆరిపోయింది. ఆటోలు వస్తున్నాయి గానీ అవి పెళ్లిళ్ల రోజులు. ఒక్కో ఆటోకి మనుషులు గెలకి అరటికాయల్లా వేలాడుతున్నారు. ఇతను చెయ్యి అడ్డం పెడితే వాళ్లు చెయ్యి ఊపి పోతున్నారు.

అంతలో అమలాపురం వైపు నుంచి ఓ మోటారు సైకిలు దూసుకొచ్చింది. దాటిపోయి, ఏమనుకుందో ఏమో, మళ్లీ వెనక్కి వచ్చింది. చారల చొక్కా మనిషి. మొహమంతా చెమట, కళ్లు చింతనిప్పులు. స్టాండు వేసి దిగాడు గానీ ఇంజను ఆపలేదు.

"ఏమైందండీ?"

"పంపు కూయట్లేదండి."

"అయ్యో! నా బండిదీ ఇదే రోగమండి. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని ఆపట్లేదు." చారల చొక్కా మోకాళ్ల మీద కూర్చుని వైర్లు కదిపాడు. "ఏదీ, తాళం తిప్పండి... ఊఁహూఁ."

"బాబ్బాబు, నన్నెక్కించుకుని వెనక్కి తిప్పరా అండీ?"

"అట్నించే వస్తున్నానండి. నేను ముందుకెళ్లి తీరాలి. ప్రాణం మీదికొచ్చిందండి."

"నాకూ ప్రాణం మీదికే వచ్చిందండి!"

మామూలు రోజైతే మన కోనసీమవాళ్లు ఊరు, ఇంటిపేరు, అమ్మమ్మగారి ఊరు ఆరా తీశాకే స్క్రూ ముట్టుకుంటారు. ఆ వేళ ఇద్దరికీ అంత తీరిక లేదు. పోనీ ఎక్కడికని అడుగుదామా అంటే, పని మీద బయల్దేరినవాణ్ణి ఆ మాట అడగకూడదు. అడిగినా చెప్పకూడదు. చెబితే పని చెడుతుందని పెద్దలు ఎప్పుడో శాసనం రాసేసి పోయారు.

"ఎక్క..." అనబోయి చారల చొక్కా నాలుక కరుచుకున్నాడు. "దూరమాండీ?"

"ఎంతో లేదండి. మీకు?"

"ఆయ్, దగ్గరేనండి."

మర్యాద తీరిపోయింది.

"మీ బండి ఓ గంట ఇప్పించండి. కాళ్లట్టుకుంటాను," అన్నాడు అంజిబాబు.

"మీ కాళ్లు నేనట్టుకుంటానండి. నన్నొదిలెయ్యండి."

ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఠంగుమన్నాయి. నుదురు రుద్దుకుంటూనే, పాపం చారల చొక్కా, "ఆఖరుసారి చూసి వెళ్లిపోతానండి" అంటూ మళ్లీ సీటు కిందకి తల దూర్చాడు.

అంజిబాబు చూపు ఆగకుండా కొట్టుకుంటున్న ఆ రెండో బండి మీద పడింది. జన్మలో ఒకరి తోటలో రాలిన కొబ్బరికాయ కూడా ముట్టుకోని మనిషి. గబుక్కున ఎక్కేశాడు. బండి తిప్పేశాడు.

"క్షమించండి బాబుగారూ! సాయంత్రానికి తెచ్చిచ్చేస్తానండీ!"

"ఓరి నాయనోయ్! ఆగండీ! నా కొంప ములిగిపోద్దండీ!"

దొంగని కూడా అండీ అన్నాడు, అదీ మావాళ్ల పెంపకం! చెప్పులు ఎగిరిపోతున్నా గట్టు మీద చాలా దూరం పరిగెత్తుకొచ్చాడు. ఆ కేక అంజిబాబు వీపుకి అంటుకుని ఊళ్లోకి కూడా వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, ఎర్ర దీపాలు లెక్కచెయ్యకుండా ఆసుపత్రి మెట్ల దాకా తోలి, బండి అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాడు.

"రక్తం ఇవ్వాల్సింది నేనేనండి!"

నర్సమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం," అంది. సత్యవేణి తల్లి సత్తెమ్మ, అంజిబాబు రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"దేవుళ్లా వచ్చేరు బాబూ."

"దేవుణ్ణి కాదండి, దొంగనండి. దారిలో ఓ మహానుభావుడు సాయం చేద్దామని ఆగితే, ఆయన బండి ఎత్తుకొచ్చేసేను. ఆయనకెంత ఆపదో ఏమో. పట్టుకెళ్లి ఇచ్చేసి, నాలుగు తన్నులు తిని వస్తానండి."

"మీ మేలు ఊరికే పోదులెండి," అంటూ సత్తెమ్మ మెట్ల దాకా వచ్చింది. బండి వంక చూసింది. రోడ్డు అటూ ఇటూ చూసింది.

"ఇది మా అల్లుడుగారి బండే కదండీ! మీరెంతకీ రాలేదని, మిమ్మల్ని తీసుకురావడానికే ముక్తేశ్వరం బయల్దేరేరు. మరి మధ్యలో ఆయన్నెక్కడ దింపేసేరు బాబూ?"