త్రో మాట పుట్టుక

"త్రో అంటే ఏంటండి, పంతులమ్మగారూ?"

కిటికీ అవతల నిలబడి ఎవరో అడిగారు.

సుబ్బలక్ష్మి టీచరుకి జవాబు కంటే ముందు తుమ్ము వచ్చింది. ఆ మనిషి ఒంటినిండా మిరపకాయ ఘాటు. నేరుగా కల్లంలోంచి వచ్చినట్టున్నాడు.

"కాస్త దూరం జరిగి మాట్లాడవయ్యా."

అతను జరిగాడు.

"ఇంటికాడ పాప అడిగిందండి."

సరే, అర్థమైంది. ఏడో తరగతిలో తలా ఒక ఇంగ్లీషు మాట పంచింది ఆవిడే. ఆ మాటకున్న అర్థాలన్నీ, పుట్టుకతో సహా, అందరి ముందు నిలబడి చెప్పాలి. ఏ మాట ఎవరికిచ్చిందో ఆవిడకే గుర్తులేదు. పెద్ద రైతుల పిల్లలున్నారే, వాళ్ళు ఒళ్ళొంచరు. పాలేళ్ళని తోలతారు.

"విసరడం అని చెప్పు. ఇక పో."

"ఇసరడం, ఇసరడం" అని గొణుక్కుంటూ పోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. చెప్పకుండానే దూరంగా నిలబడ్డాడు.

"ఇసరడం ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా అని అడగమందండి."

"కుమ్మరి సారె మీద కుండ చెయ్యడాన్ని కూడా త్రో అంటారు."

"కుండని ఇసిరితే పగలదాండి?"

సుబ్బలక్ష్మికి నవ్వొచ్చింది. నిజమే, ఆ సంగతి ఆవిడా ఎప్పుడూ ఆలోచించలేదు.

"చూసి చెప్పాలి. అయినా మీ ఆసామి పిల్లనే వచ్చి అడగమను. నిన్ను తిప్పడమేంటి?"

"రాలేని స్థితండి. నేను చెప్పందే అన్నం ముట్టదండి."

"గారాబం ఎక్కువైంది."

అతను కదల్లేదు. తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతున్నాడు.

"బడికి రాకపోతే పేరు తీసేస్తారాండి?"

"రానివాళ్ళ పేర్లు తీసేశాగా. తెల్లదోమకి పత్తి పోయె, ఇక ఇంటిల్లిపాదీ మిరపచేలోనే. సగం బెంచీలు ఖాళీ. కోతలకి పోయేవాళ్ళకి ఇంగ్లీషెందుకు?"

తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సాయంత్రం ఆవిడ సత్తెనపల్లి బస్సు ఎక్కుతుంటే రొప్పుతూ వచ్చాడు.

"పుట్టుక ఒక్కటే మిగిలిందండి. కుండకి ఆ మాటెందుకో కనుక్కురమ్మంది. ఇయ్యాలే కావాలంది."

"ఇవాళ కాకపోతే రేపు. మాట ఎక్కడికీ పోదు."

బస్సు కదిలింది. దుమ్ములో అతను అలాగే నిలబడ్డాడు.

ఇంటికెళ్ళినా ఆవిడకి మనసూరుకోలేదు. నిఘంటువు తీసి చూసింది. భలేగా ఉందే అనుకుంది.

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆవిడ కిటికీ వైపు చూస్తూనే ఉంది. చెప్పాల్సింది నోట్లో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో.

ఆఖరికి వచ్చాడు. తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఘాటు లేదు. అయినా దూరంగానే నిలబడ్డాడు.

"దగ్గరకి రావయ్యా. విను. వెనకటి రోజుల్లో త్రో అంటే విసరడం కాదు, తిప్పడం, మెలిపెట్టడం. కుమ్మరి సారె తిప్పుతాడు గదా, అక్కడ పాత అర్థమే నిలిచిపోయింది. చేలో పిట్టల్ని తోలేవాళ్ళు ఒడిసెల తిప్పి రాయి వదలరూ? అలాగన్నమాట. ముందు తిప్పడం, తర్వాతే విసరడం."

"ముందు తిప్పడం. తర్వాత ఇసరడం." చెయ్యి గాలిలో ఒకసారి తిప్పాడు. "ఒడిసెల బాగా తిప్పేదండి."

"ఎవరు?"

"మా పాపండి. ఇదంతా దానికి చెబుతానండి. ఇంటిదాకా పోనక్కర్లా. సమాధుల దొడ్డి దారిలోనే."

సుబ్బలక్ష్మి కిటికీ ఊచ పట్టుకుంది.

"నువ్వు ఎవరి పాలేరువయ్యా?"

"పాలేరుని కాదండి. కల్లంలో కూలీని. జక్రయ్య అంటారండి. పచ్చకామెర్లండి దానికి, మంచం దిగలా. పేరు తీసేసిన సంగతి మాత్రం చెప్పలేదండి."

ఆవిడ హాజరుపట్టీ తీసి కొట్టేసిన పేర్లు వెతికింది. ఆ సాయంత్రం బస్సు పోతే పోయేది.

మిరపకోతకి పోయి చదువు మానేసిందని తను పేరు కొట్టేసిన రెబ్కాకి, మంచం దగ్గరికి రోజూ బడిని మోసుకెళ్ళిన కన్నతండ్రి అతను.