తొమ్మిదో హోల్ గట్టు

కిరీటి కంప్యూటర్ తెర నిండా పచ్చటి నేల. గుట్ట లేదు, గుంట లేదు, చెట్టు లేదు.

ఉగాదికి ఎలా ఉందో వినాయక చవితికీ అలాగే ఉంది.

ఫోన్లలో ఆడుకునే గోల్ఫ్ ఆటకు మైదానాలు తయారుచెయ్యడం అతని పని. విజయవాడ బందరు రోడ్డు మీద ఆఫీసు. అక్కడ పనిచేసేవాళ్లలో ఒక్కరూ నిజం గోల్ఫ్ కర్రను తాకిన పాపాన పోలేదు. అయినా ఎక్కడెక్కడి జనమో వాళ్లు చేసిన మైదానాల్లో బంతులు కొడుతుంటారు.

ఒకప్పుడు కిరీటి మైదానాలంటే ఎగబడేవారు. పాతిక చేశాక చెయ్యి మొరాయించింది. ఏ గుట్ట లేపినా పాత గుట్టలాగే ఉంటోంది. లేపడం, చెరపడం.

పక్క సీటులో బ్లెస్సీ. నేలను ఎత్తడం, దించడం ఆమెకు నేర్పింది కిరీటే. ఇప్పుడా పిల్ల కూనిరాగం తీసుకుంటూ మైదానం తర్వాత మైదానం తయారుచేసేస్తోంది.

ఆ కూనిరాగం వింటే అతనికి ఒళ్లు మండేది. ఆమె టిఫిన్ డబ్బాలోంచి వచ్చే గోంగూర వాసనకు కూడా మండేది.

"ఈ నెల కూడా మీ నుంచి ఏమీ రాకపోతే, ఇక బ్లెస్సీ మైదానాల్లో చెట్లు నాటుదురుగాని కిరీటి గారూ," అన్నారు మేనేజర్ రామతులసి గారు.

కసురుకోలేదు. జాలిగా అన్నారు. అదే మరీ బాధ.

ఎవరి మైదానానికి వాళ్లు తాళం వేసుకునే ఏర్పాటు కంప్యూటర్లో ఉంది. లోపల ఏమీ లేకపోయినా కిరీటి రోజూ తాళం వేస్తాడు. బ్లెస్సీకి ఆ అలవాటు లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక కిరీటి ఆమె కొత్త మైదానం తెరిచాడు. తప్పులు పట్టుకుందామని.

ఒక్కో మైదానంలో పద్దెనిమిది హోల్స్, అంటే బంతిని కొట్టుకుంటూ వెళ్లి పడెయ్యాల్సిన గుంటలు. పద్దెనిమిదీ ముచ్చటగా ఉన్నాయి. ఆ మాట ఒప్పుకోవడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు.

తొమ్మిదోది కాలవ పక్కన ఉంది. బంతి దొర్లి నీళ్లలో పడకుండా అంచున చిన్న గట్టు పోసింది.

గట్టు చూడగానే హనుమయ్య బాబాయి గుర్తొచ్చాడు.

పామర్రు దగ్గర వాళ్ల పొలం. ఏటా నాట్లకు పొలం దమ్ము చేసేముందు, జానెడు నేల కలిసొస్తుందని, బాబాయి పార పట్టుకుని పక్క పొలంతో ఉన్న ఉమ్మడి గట్టు చెక్కేవాడు. గడ్డి కోసమే అన్నట్టు, పలచగా, పక్క రైతుకు అనుమానం రాకుండా. పక్క రైతు కూడా తన వైపు నుంచి అదే పని చేసేవాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లి టీ తాగేవాళ్లు.

కిరీటి మౌస్ పట్టుకున్నాడు. పలచగా ఒక పొర తీశాడు.

ఇంకో పొర తీశాడు. ఒకచోట ఎక్కువైందనిపించి కాస్త మట్టి తిరిగి మెత్తాడు. బంతి వదిలి చూశాడు. అంచుదాకా వెళ్లి, ఊగి, ఆగింది. ఇంకొంచెం చెక్కాడు. ఈసారి ఊగి, నీళ్లలో పడింది.

ఆడేవాళ్లు తిట్టుకుంటారు. బ్లెస్సీని తిట్టుకుంటారు.

ఆ పూట అతను అన్నం సంగతే మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, ఆట ఆడి చూసే కుర్రాళ్ల గదిలోంచి కేకలు. కిరీటి సంబరంగానే వెళ్లాడు.

తిట్లు కావు. తొమ్మిదో హోల్ దగ్గర బంతి అంచుమీద ఊగుతుంటే అందరూ ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు. ఆగితే ఈలలు. పడినవాడు ఫోను వదలకుండా మళ్లీ కొడుతున్నాడు.

"ఇన్నాళ్లలో మనం చేసినవాటిలో ఇదే బెస్ట్ హోల్. అదరగొట్టావు బ్లెస్సీ," అన్నారు రామతులసి గారు.

అది నాది, అనబోయాడు కిరీటి. నీదైతే ఆమె మైదానంలో నీ చెయ్యెందుకు పడిందని అడుగుతారు.

తన చేతిపనికి ఆమెకు చప్పట్లు. తనూ కొట్టాల్సి వచ్చింది, కొట్టాడు. దీనికంటే చెట్లు నాటడమే నయమనిపించింది.

బ్లెస్సీ మాత్రం నవ్వలేదు.

"అది నేను చేసింది కాదు మేడమ్. కిరీటి గారు చేశారు," అంది.

"మరి చెప్పరేమండీ?" అంటూ రామతులసి గారు అతని చెయ్యి పట్టుకుని ఊపేశారు.

సీట్ల దగ్గరికి వచ్చాక కిరీటి గొంతు తగ్గించి అడిగాడు.

"నీకెలా తెలుసు?"

"నిన్న భోంచేసి వచ్చేసరికి ఇంకా చెక్కుతున్నారండీ. మీ వెనకే నిలబడ్డాను. మీరు చూళ్లేదు."

"ఆపలేదేం?"

"ఆపుదామనే అనుకున్నాను. కానీ మీరు మట్టి తీసి, మళ్లీ మెత్తి, మళ్లీ బంతి వదిలి చూస్తున్నారు. చెడగొట్టేవాళ్లకి అంత ఓపికెందుకండీ?"

కిరీటి మౌస్‌ను ఊరికే అటూ ఇటూ జరిపాడు.

"కోపం రాలేదనుకోకండి. రాత్రి అన్నం సయించలేదు. చెక్కినందుకు కొంత, అది నాకు తట్టనందుకు కొంత," అంది. "మాది ఉయ్యూరు పక్కనేనండీ. పొలం గట్టు ఒకళ్లు చెక్కితే రెండోవాళ్లూ చెక్కుతారు. మీ మైదానం మొదలుపెట్టండి, చెక్కడానికి నా వంతు ఉంటుందిగా," అంది.

కుర్చీ తిప్పుకుని కూనిరాగం అందుకుంది.

ఆమె చోట తనుంటే అందరిముందూ నిజం చెప్పేవాడా? చెప్పేవాడు కాదు. అది తెలిశాక ఆమె మీద కుళ్లు తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

అతను తన ఖాళీ నేల తెరిచాడు.

సాయంత్రానికి ఒక కాలవ, దాని వెంట వంకరగా ఒక గట్టు లేచాయి. పాతవాటిలా లేవు.

ఇంటికి లేస్తూ, అలవాటుకొద్దీ తాళం మీదికి పోయిన చేతిని వెనక్కి తీసుకున్నాడు.