కంటికి కనబడని నౌన్

"కంటికి కనబడేవి, చేతికి తగిలేవి అయిపోయాయి. ఇక మిగిలింది..." అంటూ పిల్లల వైపు తిరిగిన కొత్త టీచరు ఠక్కున ఆగిపోయింది. చేతిలో చాక్‌పీసు విరిగి కిందపడింది.

వరండా కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న హెడ్‌మిస్ట్రెస్ పెదవి విరిచింది. పాఠం మర్చిపోయినట్టుంది, అంతే. ఈ అమ్మాయికి క్లాసుని అదుపులో పెట్టడం రాదని మిగతా టీచర్లు ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. పైగా వెనక గోడకి కన్నం ఉంది, పూడ్పించండి అంటూ వారం నుంచీ ఈ అమ్మాయి ఒకటే నస. పని చేతకానివాళ్లకి వంకలకేం తక్కువ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పీరియడ్‌తో తేల్చేస్తానని పొద్దున్నే మొహం మీద చెప్పేసింది. ఇంట్లో తండ్రి మంచం పట్టి ఉన్నాడు, ఈ ఒక్క జీతమే ఆధారమని టీచరు బతిమాలుకుంది కూడా.

లోపల టీచరు గొంతు సవరించుకుంది.

"ఇప్పుడొక ఆట. ఎవరి పేరు వాళ్లకి ప్రాపర్ నౌన్ కదా. పేరు పిలిచినవాళ్లే లేవాలి. చప్పుడు చెయ్యకుండా బయటికెళ్లి గేటు దగ్గర నిలబడాలి. పరిగెత్తినవాళ్లు ఔట్."

మొదటి వరసని పేరుపేరునా పిలిచి పంపింది. రెండో వరసంతా కలిసి ఒక టీమ్, అంటే కలెక్టివ్ నౌన్ అంది. ఒకరి వెనక ఒకర్ని నడిపించింది. మూడో వరసకి మెటీరియల్ నౌన్ ఇచ్చి, గేటు ఇనుమో చెక్కో ముట్టుకుని చూడమని సాగనంపింది. పిల్లలు నవ్వు ఆపుకుంటూ మునివేళ్ల మీద వెళ్లిపోయారు.

హెడ్‌మిస్ట్రెస్‌కి ఒళ్లు మండిపోయింది. రాకపోతే రాదని ఒప్పుకోవచ్చు. పిల్లల్ని బయటికి తోలేసి పీరియడ్ గడిపేసుకోవడమా?

ఆఖరి బెంచీలో ఒక్క పిల్ల మిగిలింది. క్షణం కుదురుగా ఉండదని అందరూ పిచ్చుక అని పిలుస్తారు. బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అలా కూర్చున్నందుకే ఈ టీచరు రోజూ దాన్ని కోప్పడేది.

"మరి నాది, టీచర్?"

"నీది అన్నిటికంటే కష్టం తల్లీ. అబ్‌స్ట్రాక్ట్ నౌన్. సైలెన్స్. నేనొచ్చి ముట్టుకునేదాకా బొమ్మలా ఉండాలి. కాళ్లు దించావో, ఓడిపోయినట్టే."

పిచ్చుక నోటి మీద వేలేసుకుంది. టీచరు చెప్పులు విడిచేసి, ఒక్కో అడుగే వేస్తూ, గోడ వారగా బెంచీ వెనక్కి నడిచింది. మొహమంతా చెమట.

ఇక ఆగలేక హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చేసి, ఇది క్లాసా సంతా అని అడిగింది. టీచరు తల తిప్పలేదు. ఆగమన్నట్టు అరచెయ్యి మాత్రం చాపింది. పిల్ల ముందు హెడ్‌మిస్ట్రెస్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఏయ్ పిల్లా, కాళ్లు కిందపెట్టు. కూర్చునే పద్ధతి అదేనా?"

పిచ్చుక భయపడి కాలు కదిపింది.

"దించకు." టీచరు గొంతు పెరగలేదు గానీ వణికింది. "మేడమ్, మీకు దండం పెడతాను. ఉన్నచోటే ఉండండి."

"నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు."

"అలాగే మేడమ్."

ఆ మాట అంటూనే వెనక నుంచి పిల్ల చంకల్లో చేతులేసి, ఒక్క ఊపున పైకెత్తి, గుండెకి హత్తుకుని గోడ వరకూ వెనక్కి జరిగింది. గెలిచానా టీచర్ అని పిచ్చుక అడిగింది. గెలిచావు తల్లీ అంటూ దాని భుజం మీద మొహం పెట్టి టీచరు భోరుమంది.

హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ ఏడుపు ఉద్యోగం కోసమే అనిపించింది. మొదటిసారి కాస్త జాలి కూడా వేసింది. పిచ్చుక తన పుస్తకాల సంచీ కోసం చెయ్యి చాపితే, వద్దని టీచరు ఆ చెయ్యి పట్టుకుంది. సంచీకి ఏమైందోనని హెడ్‌మిస్ట్రెస్ గుమ్మం దగ్గర నుంచే వంగి బెంచీ కిందకి చూసింది.

సంచీ మీద నాగుపాము చుట్ట చుట్టుకుని ఉంది.