లేబుల్ అంటించిన చేయి

మూట అంగడి యజమాని ఎదుటే విప్పాలి. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి మందు తీయాలి. సీసాలకు లక్క వేయాలి. సాక్షి పేరు రాసుకోవాలి. కోపం తెచ్చుకోకూడదని మాత్రం శాంపిళ్ళు తీసేకి వచ్చిన ముత్యాలప్పకు ల్యాబులో ఎవరూ చెప్పి పంపలేదు.

క్యాసంబళ్ళిలో కోళ్ళ దాణా, మందులు అమ్మే శ్రీరామప్ప అంగడి అది. గడప ముందు బేతమంగళ ఊరి చిన్నవెంకటమ్మ చచ్చిన కోళ్ళ గంప దించి కూర్చుంది.

“నీ మందు కలిపే పెడితినప్పా! షెడ్డు షెడ్డంతా పాయె. ఇంగ నేనేం తినేది, నీ మూటలా?”

“లెక్క తప్పి కలిపింటావులేమ్మా,” అన్నాడు శ్రీరామప్ప.

ముత్యాలప్ప ఇదే మందు పాత శాంపిల్ రిపోర్టును బల్ల మీద కొట్టాడు. “లేబుల్ మీద నూటికి పది పాళ్ళు యాంటీబయాటిక్ అని ఉండాది. పరీక్షలో ఒక పాలు కూడా తేలలేదు. తక్కినదంతా సుద్దపొడి. రోగమొచ్చి కాయిలా పడిన కోళ్ళకు సుద్ద తినిపించినావు నువ్వు!”

శ్రీరామప్ప గొంతు మెత్తబడింది. “నా తప్పేముండాది సార్? లేబుళ్ళు బయట ఇండ్లల్లో అంటించేకి ఇస్తాము. ఆ యమ్మ వేరే మందుది మార్చి అంటించింది. సదువు లేని మనిషి, ఏం జేసేది!”

“పేరు?”

“గంగులమ్మ. చాంపియన్ రీఫ్ గని కూలీల లైన్లలో ఉంటాది. మొగుడు గనిలో పని చేసినోడు. రాసుకోండి సార్, కేసు ఆమె మీదే పెట్టండి.”

ముత్యాలప్ప కలం క్షణం ఆగింది. తర్వాత గట్టిగా నొక్కి రాసింది. శ్రీరామప్ప ఊపిరి పీల్చుకుని టీ తెప్పించాడు.

“టీ వద్దు. ఆమె పేరు రాసింది సాక్షి కాడ. ముద్దాయి నువ్వే.”

“సాక్షా? అఆలు రానిదానికి ఏం తెలుసని సార్?”

“మార్చి అంటించాలంటే రెండు రకాలుండల్ల కదా? నువ్వు ఆ ఇంటికి పంపిన లేబుల్ కట్టలన్నీ ఒకటే పచ్చ రంగువి. ఈ మూట మీద ఉండేటివే.”

“మీకెట్ల తెలుసు?”

“రాత్రి ఆ కట్టల పక్కనే కూర్చోని మాయమ్మ చేతి సంగటి తిన్నా. బీయస్సీ చదివిన నేనే వాటిని చదవకపోతిని.”

కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. మీరు గంగులమ్మను మాత్రం గుర్తుంచుకోండి. కొడుకు చదివి వినిపించిన వాంగ్మూలం కింద వేలిముద్ర వేస్తూ ఆమె అడిగింది ఒక్కటే: “ఆ యమ్మ కోళ్ళను నేనే చంపినానా నాయనా?”