మా ఇంట్ల ఎవ్వలకు లేదు

కాన్పైనంక మూత్రం ఆగని ఆడోళ్ల పేర్లు రాసుకుంట ఆశా వర్కర్ అక్క మా క్వార్టరు కాడికొచ్చింది. మంగళారం దవాఖానల పైసలు లేకుంట చూస్తరట, అవసరమైతే ఆపరేషన్ గూడ చేస్తరట.

నేను నోరు తెరవకముందే మా అత్త లింగవ్వ దర్వాజకు అడ్డం నిలవడ్డది. "మా ఇంట్ల ఎవ్వలకు లేదు" అని తలుపేసి గొళ్లెం పెట్టింది.

నాకు మండింది. కొడుకు పుట్టి ఆరు నెలలాయె. దగ్గినా తడుస్తది, బరువు లేపినా తడుస్తది. సోమారం సెలవు ఒడుస్తది. ఓపెన్ కాస్టు బొగ్గు గనిల ఎనిమిది గంటలు, మగోళ్ల నడుమ, నేనెట్ల డ్యూటీ చెయ్యాలె?

"తలుపు తియ్యత్తా. నా పేరు రాపిచ్చుకుంట."

"మెల్లగ మాట్లాడు పిల్లా. క్వార్టర్ల లైనంత ఇంటరు."

"ఇననీ! నీ పరువు కోసం నేను తడిసి సావాల్నా? ముగ్గుర్ని కని దర్జగ తిరుగుతున్నవ్, నా బాధ నీకేమెర్క?"

అత్త నన్ను లోపలి అర్రలకు గుంజుకపోయి సందుగ తెరిచింది. చీరెల కింద మామ పాత అంగీలు చింపి కుట్టిన గుడ్డలున్నయి, మడతలు మడతలుగ.

"నల్లయి కట్టుకో, తడి కనవడది" అన్నది. "నీ మొగడు పుట్టిన కాడికెళ్లి నేను గివే కట్టుకుంటున్న. మీ మామ సచ్చేదాంక ఆయనకే తెల్వనియ్యలే."

ఎవల్ని తిట్టాల్నో నాకు సమజ్ కాలే. ఉరికి గొళ్లెం తీసిన. "అక్కా, ఆగు! రెండు పేర్లు రాసుకో!"

ఎనకనుంచి అత్త నా చెయ్యి వట్టుకున్నది. ఇడుస్తలేదు. లోపలికి గూడ గుంజుతలేదు.